తీరిక ఎవరిది? సేవ ఎవరిది?

విశ్వవిద్యాలయం పట్టా తీసుకుని ఊరికి వచ్చిన రోజున మా అవ్వ అడిగింది: ‘‘ఇంతకీ నువ్వు చదివిందేంది అబ్బయా?’’ పర్యాటక నిర్వహణ అంటే ఆమెకు అర్థం కాలేదు. వినోద, విరామ సేవలు అంటే మరీ అర్థం కాలేదు. చివరికి, ‘‘మనుషులు పని లేకుండా తీరిగ్గా ఉన్నప్పుడు వాళ్లకు ఏమేం కావాలో చూసే చదువు అవ్వా’’ అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘‘దానికి కాలేజీ ఎందుకురా? మన తాతల కాడ్నించీ మనం చేస్తుండేది అదే గదా’’ అంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు. తనకు తెలిసిన సత్యం చెప్పింది. రెండేళ్లు తరగతి గదిలో కూర్చున్నా నాకు ఎవరూ చెప్పని పాఠం అది.

మాది నెల్లూరు తీరంలోని చిల్లకూరు మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు ఇది తిరుపతి జిల్లాలో చేరింది గాని, మా మాటా మా సముద్రమూ నెల్లూరువే. ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, బకింగ్‌హాం కాలువ, రొయ్యల గుంటలు మా పల్లెల రూపురేఖలు. ఊరికి ఎడంగా మా దళితవాడ. నేను ఏ విశ్వవిద్యాలయంలో చదివానన్నది ఇక్కడ అవసరం లేదు. ఈ వ్యాసం ఏదో ఒక సంస్థ మీద ఫిర్యాదు కాదు. దేశంలో పెరుగుతున్న ఈ చదువు తన పునాదిని తాను ఎందుకు చూసుకోవడం లేదన్నదే నా ప్రశ్న.

‘తీరిక’ అన్న మాట ‘తీరు’ అన్న క్రియ నుంచి పుట్టింది. పని తీరితే మిగిలేది తీరిక. మరి పని ఎన్నడూ తీరని వారి సంగతి ఏమిటి? మా ఊళ్లో మాటల వాడుక గమనిస్తే సమాధానం దొరుకుతుంది. అరుగు మీద కూర్చున్న భూస్వామి ‘తీరిగ్గా’ ఉన్నాడంటారు. చెట్టు కింద కూర్చున్న కూలి ‘ఖాళీగా’ ఉన్నాడంటారు. ఒకరిది విశ్రాంతి, మరొకరిది సోమరితనం. పెద్దింటి బిడ్డ సాయంత్రం సముద్రపు ఒడ్డుకు వెళితే అది షికారు. వాడ పిల్లవాడు వెళితే ‘అక్కడ నీకేం పని?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. పని ఉంటే తప్ప నువ్వు ఎక్కడా కనిపించకూడదన్న శాసనం ఆ ప్రశ్నలో ఉంది. కాబట్టి తీరికను పని పోగా మిగిలిన కాలంగా మాత్రమే లెక్కగడితే చాలదు. ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, ఒకచోట ఉండగలిగే హక్కు పేరే తీరిక.

మా తాత డప్పు వాయించేవాడు. ఊరి జాతరకు, పెళ్లికి, చావుకు ఆ డప్పు కావాలి. జాతర ఊరికి వినోదం. ఆయనకు మాత్రం అది వద్దనడానికి వీలులేని పని. రాత్రంతా వాయించిన మనిషికి ఆ జాతరలో కూర్చుని చూసే చోటు లేదు. తెలుగు పల్లెల వినోదాన్ని తరతరాలుగా మోసినవారి జాబితా రాస్తే అది కులాల జాబితా అవుతుంది. తీగ మీద నడిచిన దొమ్మరులు, గంగిరెద్దులను ఆడించినవారు, పగటివేషాలు కట్టినవారు, కథలు చెప్పిన పిచ్చుకుంట్లవారు అందులో ఉంటారు. శ్రమను పంచినట్టే కులం వినోదాన్నీ పంచింది. చూసేవారు ఒకవైపు, చూపించేవారు ఇంకొకవైపు. దేవదాసి, జోగిని ఆచారాల్లో స్త్రీ దేహాన్నే ఆ సేవకు అప్పగించారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది. విరామ సేవలు పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త రంగమని మాకు పాఠం చెప్పారు. మా అవ్వకు ఆ మాట చెబితే నవ్వుతుంది.

మా పాఠ్యప్రణాళికలో టికెట్ల విధానం, యాత్రల రూపకల్పన, అతిథి మర్యాద, గదుల నిర్వహణ, ఉత్సవాల ఏర్పాటు, మార్కెటింగ్ అన్నీ ఉన్నాయి. కులం అన్న మాట లేదు. విచిత్రమేమంటే, ఈ శాస్త్రానికి మూలగ్రంథాల్లో ఒకటిగా చెప్పుకునే పుస్తకం మొదట్లోనే మన దేశపు కులవ్యవస్థను తాకుతుంది. 1899లో అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ తీరిక వర్గం గురించి రాసిన గ్రంథమది. ఉత్పాదక శ్రమ నుంచి మినహాయింపు పొందడమే పై వర్గపు గుర్తింపు అని ఆయన వాదించాడు. ఆ మినహాయింపుకు తొలి పుటల్లోనే చూపిన ఉదాహరణల్లో బ్రాహ్మణాధిపత్య భారతదేశం ఒకటి. షికాగోలో పాఠాలు చెప్పుకునే పండితుడికి కనిపించిన విషయం మన పాఠ్యప్రణాళికలు రాసేవారికి కనిపించలేదంటే, చూడదలచుకోలేదనే అర్థం.

చదువులో భాగంగా మమ్మల్ని తూర్పు తీరంలోని ఒక విహార కేంద్రానికి శిక్షణకు పంపారు. మొదటి రోజునే మమ్మల్ని విభాగాలుగా విడదీశారు. అతిథులకు స్వాగతం పలికే చోటుకు కొందరు, భోజనశాలకు కొందరు, గదులూ మరుగుదొడ్లూ శుభ్రం చేసే విభాగానికి కొందరు. సంక్షేమ హాస్టళ్లలో చదివి వచ్చిన మా ముగ్గురి పేర్లూ మూడో జాబితాలోనే ఉన్నాయి. ఎవరూ కులం పేరెత్తలేదు. ఇంగ్లీషు, కనిపించే తీరు, వ్యక్తిత్వం అన్న మాటలే వినిపించాయి. వారాల వంతున విభాగాలు మారతాయన్నారు. మా వంతు మారకుండానే శిక్షణ ముగిసింది. ఇది కులమేనని నేను రుజువు చేయలేను. రుజువుకు దొరక్కుండా పనిచేయడమే ఆధునిక సంస్థల్లో కులం నేర్చిన నేర్పు. మరుగుదొడ్డి కడగడం అవమానమని నేను అనడం లేదు. ఆ పనికి చేతులు ఎప్పుడూ ఒకే వాడల నుంచి ఎందుకు వస్తున్నాయని అడుగుతున్నాను.

ఒకనాడు ఒక అతిథి నా పనితీరు మెచ్చుకుని, వెంటనే ‘‘మీరేమిట్లు?’’ అని ఆరా తీశాడు. నా చొక్కా మీది పేరు బిళ్లలో ఇంటిపేరు లేకపోవడం ఆయనకు ఇబ్బందిగా తోచినట్టుంది. అతిథిని నొప్పించకుండా జవాబు చెప్పడం ఎలాగో మాకు నేర్పారు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నేర్పలేదు. మేము విశ్వవిద్యాలయం సీటు వరకు రిజర్వేషన్ మీద వస్తాం. ఆ తర్వాతి ఉద్యోగాలు దాదాపుగా ప్రైవేటు హోటళ్లలో, విహార కేంద్రాల్లో, యాత్రా సంస్థల్లో ఉంటాయి. అక్కడ రిజర్వేషన్ లేదు. ముందు గదిలో ఎవరు నిలబడాలో, వెనుక గదిలో ఎవరు ఉండాలో తేల్చేది యజమాని చూపు మాత్రమే.

రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు. 15వ అధికరణంలోని రెండో క్లాజు చదవండి. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల్లోకి ప్రవేశాన్ని కులం కారణంగా నిరాకరించకూడదని అది చెబుతుంది. ప్రభుత్వ ధనంతో నడిచే, లేదా ప్రజల వాడకానికి అంకితమైన బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, ప్రజలు కూడే చోట్లు కూడా అందులో ఉన్నాయి. ఈ జాబితా ఊహించి రాసినది కాదు. చవదార్ చెరువు నీళ్లు తాగడానికి 1927 మార్చిలో మహాడ్‌లో అంబేడ్కర్ వెంట వేలమంది నడవవలసి వచ్చిన దేశపు అనుభవం దాని వెనుక ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత ప్రజా వినోద స్థలంలోకి దళితులను, ఆదివాసులను అడ్డుకోవడం ఆ చట్టం కింద నేరం. హోటల్ నిర్వహణ చదివే విద్యార్థికి అగ్నిప్రమాద నిబంధనలు కంఠస్థం చేయిస్తారు. ఈ రెండు చట్టాల గురించి మాకు ఒక్క గంట కూడా కేటాయించలేదు.

వినోద స్థలం కులానికి చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే, వారు చుండూరును గుర్తుచేసుకోవాలి. 1991 జూలైలో అక్కడి సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ తగవు సాంఘిక బహిష్కరణగా మారింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యలతో అది ముగిసింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో ఉన్నత న్యాయస్థానం ఆ శిక్షలను కొట్టివేసింది. పొలంలో కలిసి పనిచేసినప్పుడు తగిలిన కాలు నేరం కాలేదు. పక్కపక్క సీట్లలో, ఒకే ధర టికెట్టుతో, ఒకే తెర ముందు కూర్చున్నప్పుడు తగిలిన కాలు నేరమైంది. పనిచోట అంతరం ముందే ఏర్పాటై ఉంటుంది. తీరిక చోట అది చెరిగిపోతుందన్న భయమే ఆ హింసకు మూలం.

క్రికెట్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. చర్మకార కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ ఆనాటి భారత బౌలర్లలో మేటి. 1911 ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయితే పూనాలో ఆడే రోజుల్లో, మైదానంలో అతడు వేసిన బంతిని అందుకున్న సహచరులే, టీ విరామంలో అతణ్ణి పెవిలియన్ బయట నిలబెట్టి మట్టి ముంతలో టీ ఇప్పించారు. ఆట సాగినంతసేపు అతడి నైపుణ్యం కావాలి. విరామంలో అతడి సాంగత్యం అక్కరలేదు.

ఇతర దేశాల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. 1919 జూలైలో షికాగోలో మిషిగన్ సరస్సులో ఈదుతున్న నల్లజాతి కుర్రవాడు కంటికి కనిపించని గీత దాటి తెల్లవారి ఒడ్డు వైపు కొట్టుకుపోయాడు. రాళ్ల దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తర్వాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. 1959 నుంచి మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీలో నల్లజాతివారు సముద్రపు ఒడ్డున నీళ్లలోకి దిగడాన్నే పోరాట రూపంగా చేసుకున్నారు. దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లు, భోజనశాలలు, సినిమా హాళ్లలో వివక్షను నిషేధించింది. అలా అక్కడ సముద్రతీరం పౌరసత్వపు పరీక్షాస్థలమైంది. మన తీరాల మీద అటువంటి గీతలు లేవా? ఉన్నాయి. అవి పలక మీద రాసి ఉండవు కాబట్టి మన పుస్తకాల్లోకి ఎక్కలేదు.

నా లఘు పరిశోధన కోసం మా తీరంలోని ‘పర్యాటక వనరుల’ జాబితా తయారు చేయవలసి వచ్చింది. సముద్రం, తిన్నెలు, కాలువ, దక్షిణాన పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం అన్నీ రాశాను. యానాదుల గూడేన్ని ఎక్కడ రాయాలో తెలియలేదు. పక్షి ఏ మడుగులో దిగుతుందో, చేప ఏ పాయలో ఎదురెక్కుతుందో తెలిసినవారు వారు. నా నమూనా పత్రంలో వారికి ఉన్న గడి ‘స్థానిక సమాజపు ఆతిథ్య స్వభావం’. అప్పుడు నాకు వారి గతం గుర్తుకు వచ్చింది. బ్రిటిష్ పాలనలో నేరస్థ జాతుల చట్టం కింద చేర్చిన తెగల్లో యానాదులు ఉన్నారు. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటకూడదు. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు దానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పనిచేశారు. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. తర్వాత 1969లో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఎంపికైనప్పుడు ఆ దీవి యానాదులు కదలవలసి వచ్చింది. ఒకరి సంచారం నేరం, మరొకరి సంచారం పరిశ్రమ. పర్యాటక శాస్త్రం మొదటి అధ్యాయంలో ఉండవలసిన వాక్యం ఇదని నేను నమ్ముతున్నాను.

ఈ మాటలు చెప్పినప్పుడు ఉద్యమంలో ఉన్న ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. భూమి లేనివారికి, కూలి గిట్టనివారికి ముందు తిండి కావాలి, తీరిక తర్వాతి సంగతి అన్నాడు. ఆ వాదనను నేను తేలికగా తీసుకోను. అయినా 43వ అధికరణం జీవన వేతనాన్నీ, తీరికను పూర్తిగా అనుభవించే పరిస్థితులనూ ఒకే వాక్యంలో పెట్టింది. ఒకటి వచ్చాక రెండోది అనలేదు. 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ అంబేడ్కర్ ఈ విషయాన్నే తీసుకున్నారు. మనిషిని పశువు నుంచి వేరుచేసేది సంస్కృతి, సంస్కృతికి తీరిక కావాలి, ఒళ్లు విరిచే శ్రమను తగ్గించే యంత్రాన్ని తిరస్కరించడమంటే పేదవాడి తీరికను తిరస్కరించడమే అన్నది ఆయన వాదనకు సారం. ప్రజాస్వామ్యం ప్రతి పౌరుడికీ తీరికను సమకూర్చాలని ఆయన కోరారు. ఆయన వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించారు.

మా నెల్లూరు జిల్లా చరిత్రే దీనికి అన్నింటికన్నా బలమైన సాక్ష్యం. తొంభైల తొలి ఏళ్లలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడులు నడిపింది. పొలం పని, ఇంటి పని ముగించుకున్న కూలి స్త్రీలు దీపాల వెలుగులో ఒక గంట కూర్చున్నారు. తమ బతుకు గురించి చదివారు, మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట నుంచి రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆ గంటే పునాది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ‘స్కూలు’ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం తీరిక అని మాకు పాఠంలో చెప్పారు. దూబగుంట పేరు ఆ పాఠంలో లేదు. మగవారి సాయంత్రాన్ని సారా దుకాణానికి వేలం వేసిన ప్రభుత్వాన్ని ఆడవారి సాయంత్రం ఓడించింది. తీరిక తిండి తర్వాతి విలాసమని ఇంకా ఎలా అనగలం?

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను సాయంత్రాలు తిన్నెల మీద క్రికెట్ ఆడిన రోజుల్లో మా చెల్లెలు బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడేది. నా ఆట ఆమె మోసిన నీళ్ల మీద నడిచింది. మా వాడ లోపల కూడా తీరికకు సోపానక్రమం ఉంది. కులం గురించి మాట్లాడి ఆ సంగతి దాచితే నా చదువు సగమే.

ఇప్పుడు మా మండలం మారిపోతోంది. ఇక్కడి తెల్ల ఇసుకను గాజు పరిశ్రమ కోసం ఏళ్లుగా తవ్వుకుపోతున్నారు. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక నడవాలో భాగమైన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి కేంద్రం 2020 డిసెంబరులో 2,139 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. ఆ నగరం లేచేది చిల్లకూరు, కోట మండలాల నేల మీదనే. రేపు ఇక్కడ హోటళ్లు వస్తాయి, ఉద్యానాలు వస్తాయి. సేవకులు కావలసి వస్తారు. మా పిల్లలను ఆ ఉద్యోగాలకు తయారు చేస్తామని ఎవరో ఒకరు శిక్షణ కేంద్రం తెరుస్తారు. ఉద్యోగాలు రావాలి, నేను వద్దనను. మా వాడ ఆ నగరంలోకి చీపురుతోనూ పళ్లెంతోనూ మాత్రమే ప్రవేశించాలన్న ఏర్పాటును వద్దంటాను.

అందుకే నా కోరికలు చిన్నవి, స్పష్టమైనవి. పర్యాటక, హోటల్, వినోద నిర్వహణ కోర్సులన్నింటిలో 15, 43 అధికరణాలు, అత్యాచారాల నిరోధక చట్టం పాఠ్యాంశాలు కావాలి. మహాడ్, చుండూరు, దూబగుంట ఈ శాస్త్రపు చరిత్రలో భాగం కావాలి. శిక్షణకు వెళ్లిన విద్యార్థి ఏ విభాగంలో ఎన్ని వారాలు పనిచేశాడో రాతపూర్వకంగా నమోదు చేసి, అందరికీ అన్ని విభాగాలూ దక్కేలా విశ్వవిద్యాలయమే చూడాలి. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికకు 2013లో చట్టం చేసుకున్న రాష్ట్రంలో దళితవాడకు ఆటస్థలం, చదువుకునే గది, ఆడపిల్లలు నిర్భయంగా కూర్చునే చోటు అడగడం అత్యాశ కాదు. గూడూరు శాసనసభ స్థానమూ, తిరుపతి లోక్‌సభ స్థానమూ షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయినవే. అక్కడి నుంచి గెలిచినవారిని ఈ ప్రశ్న అడిగే హక్కు మాకు ఉంది.

ఈ కోర్సుల్లో చేరుతున్న దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఒక మాట. ఇది చిన్న చదువని సిగ్గుపడవద్దు. మన పెద్దలు తరతరాలుగా చేసిన సేవకు మొదటిసారి లెక్క అడిగే అవకాశం ఇందులో ఉంది. పరిశోధనాంశం ఎంచుకునేటప్పుడు మీ ఊరి చెరువు గట్టు, సినిమా హాలు, బడి మైదానం గురించి రాయండి. సాయంత్రం ఆరు గంటలకు అక్కడ ఎవరు కూర్చుంటారో, ఎవరు దూరంగా నిలబడతారో, ఎవరు అసలు రారో లెక్క తీయండి.

మా వాడ పిల్లలు ఇప్పటికీ సాయంత్రాలు ఖాళీ నేలలో క్రికెట్ ఆడుతున్నారు. రేపు కంచె వచ్చే వరకు ఆడతారు. పారిశ్రామిక నగరపు పటంలో రోడ్లకూ, గోదాములకూ, కర్మాగారాలకూ గుర్తులు ఉంటాయి. ఆ పటాన్ని పంచాయతీ బల్ల మీద పరిపించి, మా పిల్లలు ఆడుకునే చోటు ఇందులో ఎక్కడ ఉందో చూపమని నేను అడగబోతున్నాను. నా చదువుకు అదే మొదటి పని.